శిరివెళ్ల దారిలో బ్రేకు లెక్కలు

నంద్యాల దాటి కడప వైపు బండి తిప్పగానే కొండలు తోడొస్తాయి. ఎడమ పక్క నల్లమల. కుడి పక్క, చూపు ఆనీ ఆనని దూరంలో ఎర్రమల. రెంటి మధ్యా కుందూ లోయ. ఎటు చూసినా నల్లరేగడి. కాలువ నీళ్ళు అందిన చోట వరి, అందని చోట శనగ, జొన్న, పత్తి, మిరప. రోడ్డు మాత్రం దారం పట్టి గీసినట్టు దక్షిణానికి సాగిపోతుంటుంది. ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఇంచుమించు సగం దారిలో శిరివెళ్ల మెట్ట.

ఒకప్పుడు ఇది 18వ నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు 40 అయింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక శిరివెళ్ల చిరునామా కూడా మారింది. మారనిది లారీల వరసే! హైదరాబాదు నుంచి తిరుపతికీ చెన్నైకీ వెళ్ళే సరుకు, రాత్రంతా పరుగులు తీసే ప్రైవేటు బస్సులు, నంద్యాల బియ్యం, బేతంచెర్ల రాతి పలకలు, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన టన్నుల బరువుండే విగ్రహాలు... అన్నీ ఈ దారిలోనే.

ఇంత సాఫు రోడ్డు మీద బ్రేకులతో ఏం పని అనిపిస్తుంది. రోడ్డు పక్క షెడ్ల బోర్డులు చదువుకుంటూ వెళ్ళండి. పంక్చరు, గాలి, గ్రీజు, కమాన్ కట్టలు... వాటి మధ్యలో ‘ఎయిర్ బ్రేకు పని’, ‘లైనర్లు మార్చబడును’ అన్న అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఊరికే పెట్టరు కదా బోర్డులు!

కొండల్లో బ్రేకులు కాలతాయి. మైదానంలో అరుగుతాయి. ఈ లోయలో తిరిగే బండికి రెండూ తప్పవు.

గేదెలకు హైవే తెలియదు

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. అలాంటి నేల మీద ఎంత దట్టంగా రోడ్డు వేసినా కొన్నేళ్ళకు అలలు తేలడం మామూలే. చదునుగా కనిపించే చోట బండి ఒక్కసారి ఊగుతుంది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. డివైడరు తెగిన చోటల్లా ఓ ఊరుంటుంది. ఊరు ఇటు పక్క ఉంటే పొలాలు అటు పక్క. పొద్దున పొలానికి పోవాలన్నా, పొద్దుగూకి ఇంటికి రావాలన్నా మనుషులూ, గొడ్లూ రోడ్డు దాటాల్సిందే. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే గేదెకు జాతీయ రహదారి నంబరుతో పనేముంది?

సంక్రాంతి వెళ్ళగానే అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరతాడు. కనుమనాడు మొదలై నలభై రోజులకు పైగా పల్లకి ఊరూరా తిరుగుతుంది. శివరాత్రికి శ్రీశైలానికి నడిచేవాళ్ళు, మహానందికి వెళ్ళేవాళ్ళు. పంట కోతలప్పుడు వడ్ల ట్రాక్టర్లు, మిరపకాయల టిక్కీలు. వీటిలో ప్రతిదీ డ్రైవరు కాలికింద ఒక్కో నొక్కు.

ఆ ఒక్క నొక్కు ఖరీదెంత? చిన్న లెక్క వేద్దాం. సరుకుతో కలిపి 16 టన్నులున్న లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. దాన్ని పూర్తిగా ఆపాలంటే ఆ పరుగులో ఉన్న శక్తినంతా బ్రేకు లైనర్లూ, డ్రమ్ములూ కలిసి వేడిగా మార్చాలి. ఆ వేడితో దాదాపు ఏడున్నర లీటర్ల చన్నీళ్ళు మరిగించొచ్చు. అదే లారీ 80 మీద వస్తుంటే? పదమూడు లీటర్లు! వేగం పెరిగింది మూడో వంతు. వేడి మాత్రం రెట్టింపుకు దగ్గరైంది. తొందరగా వెళ్ళే బండి డీజిలు ఎక్కువ తాగుతుందని అందరికీ తెలుసు. లైనర్లు కూడా అంతే తొందరగా తింటుందని యజమానికి బిల్లొచ్చాక తెలుస్తుంది.

దూరం లెక్క ఇంకోటి. 80 మీద వెళ్ళే కారు డ్రైవరు ఎదురుగా గేదెను చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు, ఒక్క సెకను పట్టిందనుకున్నా, బండి 22 మీటర్లు వెళ్ళిపోతుంది. బ్రేకులూ టైర్లూ బాగుండి, రోడ్డు పొడిగా ఉంటే ఆ తర్వాత మరో 36 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 58. ప్యాడ్లు అరిగి, ద్రవం పాతబడి బ్రేకు పట్టు బాగా తగ్గిపోయిందనుకోండి... 85 మీటర్లు దాటుతుంది. ఆ తేడా ఇరవై ఏడు మీటర్లు. మామూలు పల్లెటూరి ఇళ్ళ వరసలో మూడు నాలుగు గడపలు!

ట్రాక్టరుకు రెండు బ్రేకులు

ఈ రోడ్డు మీద బ్రేకుల సంగతి చెప్పేటప్పుడు ట్రాక్టరును వదిలేస్తే ఎలా? కారుకు ఒకటే బ్రేకు పెడల్. ట్రాక్టరుకు రెండు. కుడి వెనక చక్రానికి ఒకటి, ఎడమ వెనక చక్రానికి ఒకటి. సాలు చివర మలుపు తిరగాలంటే ఒక పక్క చక్రాన్ని పట్టి ఉంచితే చాలు, బండి అక్కడికక్కడే గిరుక్కున తిరుగుతుంది. పొలంలో ఎంత సుఖమో! కానీ అదే పని రోడ్డు మీద జరిగితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేసి పల్టీ కొడుతుంది. అందుకే రెండు పెడళ్ళనూ కలిపి బిగించే చిన్న కొక్కెం కంపెనీవాళ్ళు పెట్టే ఇస్తారు. పొలం గట్టు దాటి రోడ్డెక్కేముందు ఆ కొక్కెం వెయ్యాలి. వేస్తున్నారా? ఈసారి రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు కనిపిస్తే వంగి చూడండి. చాలా వాటికి కొక్కెం తుప్పు పట్టి, పక్కకు వేలాడుతూ ఉంటుంది.

వెనక ట్రాలీ సంగతి మరీ చిత్రం. ఇంజను బండి బరువు రెండు టన్నులు, అటూ ఇటూ. దాని వెనక వడ్ల బస్తాలు నాలుగైదు టన్నులు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు. అంటే రెండు టన్నుల బండి తన బ్రేకులతో తననీ, తనకంటే రెండింతల బరువునీ ఆపాలి. గట్టిగా తొక్కితే వెనక బరువు ముందుకు నెట్టుకొస్తుంది. కాలువ వంతెన దిగే చోట ట్రాలీ అడ్డం తిరిగి, బస్తాలన్నీ రోడ్డు మీద పడటం ఈ ప్రాంతంలో కొత్త దృశ్యమేమీ కాదు. దాని ఖరీదును ఎవరూ బ్రేకు ఖర్చు కింద రాసుకోరు. చెడు కాలం కింద రాసుకుంటారు.

గోటితో పోయేదానికి...

లారీ చక్రం విప్పితే లోపల డ్రమ్ము. డ్రమ్ములో అర్ధచంద్రాకారంలో రెండు షూలు. వాటి మీద రివెట్లతో బిగించిన దళసరి బిళ్ళలే లైనర్లు. డ్రైవరు పెడల్ తొక్కితే ట్యాంకులోని గాలి బూస్టరులోకి దూసుకెళ్ళి ఒక కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ స్లాక్ అడ్జస్టరును తిప్పుతుంది. దానికి అతికిన ఇరుసు చివర ఇంగ్లిషు ఎస్ అక్షరంలా ఉండే క్యామ్ తిరిగి షూలను విడదీస్తుంది. లైనర్లు డ్రమ్మును ఒరుసుకుంటాయి. బండి ఆగుతుంది. కథంతా ఇంతే.

లైనరు అరగడం తప్పు కాదు. అరగడానికే పుట్టింది. చెప్పుకు అట్ట ఎలాగో, లారీకి లైనరు అలాగ. చిక్కంతా అరిగిందని తెలిసీ ‘ఈ ఒక్క ట్రిప్పు పోనీ’ అనుకోవడంలోనే ఉంది. లైనరు మందం తగ్గేకొద్దీ లోపలున్న రివెట్ల తలలు పైకి తేలతాయి. ఇత్తడిదో, రాగిదో, ఏదైనా లోహమే కదా! డ్రమ్ము లోపలి గోడను గీరడం మొదలుపెడతాయి. రెండు మూడు ట్రిప్పులకు డ్రమ్ములో గాళ్ళు పడతాయి. అప్పుడు లేత్ మీద పెట్టి నునుపు చేయించాలి. అలా ఎన్నిసార్లు చేయించొచ్చో దానికీ ఓ హద్దుంది. డ్రమ్ము ఎంత వ్యాసం దాకా పనికొస్తుందో కంపెనీయే నిర్ణయిస్తుంది. అది దాటితే డ్రమ్ము పాత ఇనుము కింద లెక్క. గోటితో పోయేదానికి గొడ్డలి అన్న సామెతను మెకానిక్కులు రోజూ చూస్తుంటారు. లైనర్లతో పోయే పని డ్రమ్ము దాకా వస్తే బిల్లు రెండింతలు, మూడింతలు. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే ఆ కిరాయి పోవడం అదనం.

స్లాక్ అడ్జస్టరుది మరో కథ. లైనరు అరిగేకొద్దీ అది డ్రమ్ముకు దూరమవుతుంది. ఆ సందును ఎప్పటికప్పుడు తగ్గించాలి. పాత లారీల్లో ఈ పని క్లీనరుది. ఘాటెక్కే ముందు బండి కిందికి దూరి, స్పానరు పెట్టి లైనరు డ్రమ్మును తాకేదాకా బిగించి, మళ్ళీ కాస్త వదులు చేసేవాడు. అన్ని చక్రాలకూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువ బిగిస్తే ఆ చక్రం ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతుంది, గ్రీజు కరిగి కారుతుంది, టైరు దాకా వస్తుంది. ఒకటి వదులైతే బండి పక్కకు లాగుతుంది. క్లీనరు అంటే చాయ్ తెచ్చేవాడని లోకం అనుకుంటుంది కానీ సగం ప్రాణాలు ఆ స్పానరులోనే ఉండేవి. జీతాలు గిట్టక ఇప్పుడు చాలా లారీలు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. ఆ లోటు తీర్చడానికి దానంతటదే సర్దుకునే ఆటో స్లాక్ అడ్జస్టర్లు వచ్చాయి. చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్‌ను 2015లో కొత్త బరువు బండ్లకు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ లైనరే లేని షూ మీద ఏబీఎస్ ఏం చేస్తుంది?

ఇక్కడో మాట. డ్రమ్ము విప్పగానే గాలి పైపు పెట్టి లోపలి నల్లపొడిని ఉఫ్‌మని ఎగరగొట్టడం మన షెడ్లలో మామూలు. పని కుర్రాడి ముక్కుకు గుడ్డ కూడా ఉండదు. ఆస్బెస్టాస్ కలిపిన లైనర్ల కాలంలో ఆ పొడి ఊపిరితిత్తులకు యముడే. ఆస్బెస్టాస్ లేని లైనర్లు వచ్చినా ఆ దుమ్ము మంచిదేం కాదు. 2024లో యూరప్ దేశాలు తెచ్చిన యూరో 7 నిబంధనల్లో పొగతో పాటు బ్రేకుల నుంచి రాలే పొడికి కూడా మొదటిసారి పరిమితి పెట్టారు. మన షెడ్లలో తడిగుడ్డతో తుడిస్తే చాలు, సగం బాధ తప్పుతుంది. దానికి ఖర్చు కూడా లేదు.

ఆ నీలి గోడ అవతల

శిరివెళ్ల పొలాల్లో నిలబడితే తూర్పున నల్లమల నీలి గోడలా కనిపిస్తుంది. లారీ ఆ గోడ దాటాలంటే నంద్యాలకు వెళ్ళి, గాజులపల్లె దారి పట్టాలి. గాజులపల్లె దాటగానే అడవి. మధ్యలో పచ్చర్ల. అవతల దిగువమెట్ట, గిద్దలూరు. గుంటూరు వైపు సరుకంతా ఈ ఘాట్ మీదుగానే. మలుపు మలుపుకూ కోతులు. వాటికి అరటిపండ్లు వెయ్యడానికి మలుపులోనే కారు ఆపే పుణ్యాత్ములు. వెనక వచ్చే లారీ డ్రైవరు నోటి నుంచి వచ్చే మాటలు ఇక్కడ అచ్చువెయ్యలేం!

ఇదే అడవిలో రైలు కూడా కొండ దాటుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మీటరుగేజి లైను వేసినప్పుడు కట్టిన దొరబావి వంతెన శిథిలాలు ఇప్పటికీ చూడొచ్చు. రైళ్ళ పుణ్యమా అనే గాలి బ్రేకు పుట్టింది. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో దాన్ని తయారుచేశాడు. మొదట్లో గాలి తోస్తేనే బ్రేకు పడేది. పైపు తెగితే దేవుడే దిక్కు. 1872లో ఆయన దాన్ని తిరగేశాడు. పైపులో గాలి ఉన్నంతసేపూ చక్రాలు వదులుగా ఉంటాయి. గాలి పోయిందా, బ్రేకు పడిపోతుంది. ఈనాటి లారీ వెనక చక్రాల స్ప్రింగు బ్రేకులోనూ ఉన్నది ఆ ఆలోచనే. గాలి పూర్తిగా దిగిపోతే స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. మన దేశంలో ఈ గాలి బ్రేకులు చేసిన సుందరం క్లేటన్ కంపెనీ 1962లో మద్రాసు శివారు పాడిలో మొదలైంది.

మరి గాలి పోతే ఆగిపోవాల్సిన బండి ఘాట్‌లో ఎందుకు ఆగదు? ‘బ్రేకులు ఫెయిలై లోయలోకి...’ అని మన పత్రికల్లో తరచూ చదువుతుంటాం. చాలాసార్లు ఫెయిలయ్యేది బ్రేకు కాదు. దాన్ని వేడెక్కించి, వేడెక్కించి, పట్టు పోగొడతారు.

మళ్ళీ ఆ 16 టన్నుల లారీనే తీసుకోండి. అది 200 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకుందాం. ఆ దిగుడులో పుట్టే శక్తి వంద లీటర్ల నీళ్ళను మరిగించేంత. 60 మీద వెళ్తున్న లారీని పద్నాలుగు సార్లు ఏకబిగిన ఆపినంత! మైదానంలో ఒక నొక్కుకూ మరో నొక్కుకూ మధ్య గాలి తగిలి డ్రమ్ము చల్లబడుతుంది. ఘాట్‌లో ఆ విరామం ఉండదు. కాలు ఎత్తకుండా దిగితే డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది. అంటే షూకు దూరంగా జరుగుతుంది. లైనరులోని జిగురు మాడి మొదట ఘాటు వాసన, తర్వాత పొగ. పట్టు సడలుతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు. ఇంకా వేడెక్కుతుంది. చివరికి పెడల్ నేలకు ఆనుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. కింద ఊరు చేరి, బండి చల్లారాక మెకానిక్కు తొక్కి చూస్తే బ్రేకు బాగానే పడుతుంది. ‘బాగానే ఉందే!’ అంటాడు. తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

పొగ చూడగానే వాగు దగ్గర ఆపి డ్రమ్ము మీద నీళ్ళు కొట్టే అలవాటు ఒకటుంది. పోత ఇనుము అంత వేడి మీద చన్నీళ్ళు తట్టుకోదు. పగులుతుంది. పైకి కనిపించని పగులుతో ఆ లారీ మళ్ళీ రోడ్డెక్కుతుంది. చెట్టు నీడన ఆపి, చక్రానికి రాయి పెట్టి, ఓ గంట కునుకు తీయడమే సరైన వైద్యం.

న్యూట్రల్లో మిగిలే డీజిలు

ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలని పాతకాపు డ్రైవర్లందరికీ తెలుసు. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. పొగగొట్టాన్ని మూసి ఇంజను పట్టు పెంచే ఎగ్జాస్టు బ్రేకు ఉంటే మరీ నయం. బ్రేకు మీద పని సగానికి తగ్గుతుంది. తెలిసీ చాలామంది న్యూట్రల్ చేసి దించుతారు. ఎందుకు? డీజిలు!

యజమాని ట్రిప్పుకు ఇంత డీజిలని లెక్కగట్టి ఇస్తాడు. మిగిలిస్తే మెప్పు, కొన్నిచోట్ల డబ్బు. తక్కువొస్తే జీతంలో కోత. ఆర్టీసీలోనూ లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క డ్రైవరు నెత్తి మీద ఎప్పుడూ ఉండేదే. ఇంజను గొంతు తగ్గి, బండి తేలిపోతూ దిగుతుంటే డబ్బులు మిగులుతున్నట్టే అనిపిస్తుంది. కానీ నిజం వేరు. గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే ఇప్పటి డీజిలు ఇంజన్లలోకి ఇంధనం పోవడం ఆగిపోతుంది. వాలులో చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి, చుక్క డీజిలు ఖర్చు కాదు. న్యూట్రల్ చేస్తే? ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు తాగుతూనే ఉంటుంది. కాస్త ఏటవాలు రోడ్డులో, బ్రేకు అవసరం లేని చోట, న్యూట్రల్లో కొంచెం దూరం కలిసొస్తే రావచ్చు. బ్రేకు తొక్కాల్సినంత వాలులో మాత్రం పైసా మిగలదు. పైగా ఇంజను ఉచితంగా చేసే పనిని లైనరు చేత డబ్బులిచ్చి చేయిస్తున్నట్టు!

చిక్కేమిటంటే డీజిలు లెక్క డ్రైవరు ఖాతాలో ఉంటుంది, లైనరు లెక్క యజమాని ఖాతాలో. ఒకరు మిగిలించానంటారు, మరొకరు తినేశావంటారు. సొంత లారీ తానే నడుపుకునేవాడి బ్రేకులు ఎక్కువ కాలం మన్నడంలో రహస్యం ఇదే. రెండు ఖాతాలూ ఒకే జేబులో ఉంటాయి.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో దాదాపు వంద మంది ఉన్నారు. ఆ తర్వాత జరిగిన చర్చల్లో బ్రేకుల మాటా వచ్చింది, న్యూట్రల్ మాటా వచ్చింది, కిక్కిరిసిన జనం మాటా వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు. కానీ ఒక్క సంగతి లెక్కకు నిలుస్తుంది. ఎక్కిన ప్రతి మనిషీ బ్రేకు మీద బరువే. లారీలో వేసే అదనపు టన్నూ అంతే. అదనపు కిరాయి కనిపిస్తుంది, అదనపు వేడి కనిపించదు.

తిరుమల చీటీ చెప్పేది

‘లారీల గోల మనకెందుకు, మాది చిన్న కారు’ అంటారా? శిరివెళ్ల మెట్ట మీదుగా తిరుపతికి సొంత కార్లలో వెళ్ళే కుటుంబాలు వేలల్లో ఉంటాయి. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. తిరుమల ఘాట్‌లో వాహనం బయల్దేరిన సమయం వేసిన చీటీ ఇస్తారు. కిందికి దిగడానికి 40 నిమిషాలకు, ఎక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదన్నది ఏళ్ళుగా ఉన్న నిబంధన. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు 19 కిలోమీటర్లు. 40 నిమిషాల్లో అంటే గంటకు సగటున 28 కిలోమీటర్లు. ఆ వేగం రెండో గేరుది. చీటీ మీద గేరు నంబరు రాయలేదు కానీ, రాసినట్టే!

మనవాళ్ళ తెలివి చూడండి. బ్రేకులు తొక్కుకుంటూ ఇరవై అయిదు నిమిషాల్లో దిగేసి, చెక్‌పోస్టు ముందర చెట్టు కింద మిగతా పావుగంట గడుపుతారు. చక్రాల దగ్గర కాలిన వాసన. పిల్లలు ‘ఏంటి నాన్నా ఈ కంపు?’ అంటే ‘ముందు వెళ్ళిన లారీది’ అని జవాబు.

ఆ వాసన కారు ముందు చక్రాల ప్యాడ్లది. చిన్న కార్లకు ఆ ప్యాడ్ల జత, కూలీతో కలిపి, సాధారణంగా మూడు వేల లోపే. కొత్తవి దాదాపు సెంటీమీటరు మందం ఉంటాయి. మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చెయ్యాలి. చాలా ప్యాడ్లకు చిన్న రేకు ముక్క ఉంటుంది. అరుగుదల చివరికొస్తే అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. రేడియో సౌండు పెంచి ఆ కీచును తప్పించుకునేవాళ్ళున్నారు! ఇంకొన్ని వారాలకు డిస్కు మీద గాళ్ళు పడతాయి, బిల్లు రెండింతలు దాటుతుంది.

అందరూ మరిచేది బ్రేకు ద్రవం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ద్రవం తొందరగా మరుగుతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బ్రేకు పడదు. రెండేళ్ళకోసారి మార్చాలని చాలా కార్ల పుస్తకాల్లో ఉంటుంది. దానికయ్యే ఖర్చు తిరుపతిలో ఒకపూట గది అద్దె కంటే తక్కువే.

ఆటోమేటిక్ కారైతే దిగేటప్పుడు డి లో వదిలెయ్యకుండా ఎల్ లేదా 2 లోకి మార్చాలి. కరెంటు బండ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. దిగేటప్పుడు వాటి మోటారే జనరేటరులా మారి, బస్సును వెనక్కి పట్టి ఉంచుతూ బ్యాటరీకి కొంత కరెంటు జమచేస్తుంది. లారీ డ్రమ్ములో మాడి గాలిలో కలిసే వేడి, అక్కడ మళ్ళీ కొండెక్కడానికి పనికొస్తుందన్నమాట.

ఎఫ్‌సీ రోజు బ్రేకులు

సరుకు రవాణా బండ్లకు ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. జనం నోట్లో ఎఫ్‌సీ. ఎఫ్‌సీ దగ్గరపడిందంటే షెడ్లకు పండగే. కొత్త లైనర్లు, కొత్త రంగు, ఎర్ర దీపాలు. ఆ రోజు మన లారీలంత భద్రమైనవి లోకంలో ఉండవు! ఆ మర్నాటి నుంచి మళ్ళీ ఎఫ్‌సీ దాకా దాని గురించి మాట్లాడేవాళ్ళుండరు. బీమా కట్టకపోతే పోలీసు ఆపుతాడు, కిస్తీ కట్టకపోతే ఫైనాన్సువాడు బండి లాక్కుపోతాడు, టైరు పేలితే బండి కదలదు. లైనరు అరిగితే మాత్రం బండి బ్రహ్మాండంగా కదులుతుంది. అందుకే ఖర్చుల వరసలో దాని వంతు చిట్టచివర.

లారీ డ్రైవరు దగ్గరుండే ట్రిప్పు షీటు చూడండి. డీజిలుకు ఒక గడి. టోలుకు ఒకటి. బత్తాకు, పంక్చరుకు, హమాలీకి తలా ఒకటి. బ్రేకుకు విడిగా గడి ఉండదు. శిరివెళ్ల దగ్గరో, ఆళ్లగడ్డ దగ్గరో ఆగి లైనర్లు మార్పిస్తే ఆ ఖర్చు ‘ఇతరములు’లో రాయాలి. ఇల్లు చేరాక యజమాని వేలు పెట్టి అడిగే మొదటి గడి అదే. అరిగిన పాత లైనర్లను మూటగట్టి, సీటు కింద పెట్టుకుని తీసుకెళ్ళే డ్రైవర్లున్నారు. రుజువు చూపించాలి కదా!